మన ఇళ్ళలో ఇంటర్నెట్ 24 శాతం నుంచి 86 శాతానికి పెరిగిందంటే కొరియాను అందుకున్నట్టేనా?

హన్మకొండలో డిగ్రీ చదువుతూ ప్రాజెక్టు కోసం అంకెలు పోగుచేస్తున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. మన దేశంలో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు 2017-18 ప్రభుత్వ సర్వేలో 24 శాతం లోపే ఉన్నాయి. 2025 సర్వేలో 86 శాతం దాటాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత పెరుగుదలను నమ్మవచ్చా? దక్షిణ కొరియాలో దాదాపు ప్రతి ఇంటికీ ఇంటర్నెట్ ఉందంటారు, మరి మనం వాళ్ళ దరిదాపుల్లోకి వచ్చినట్టేనా? లేకపోతే ఎప్పుడు చేరతాం? ఇతర దేశాల్లో ఇది ఎలా జరిగింది?

ముందు జవాబు చెప్పేస్తాను. రెండు అంకెలూ సరైనవే, పెరుగుదల కూడా నిజమే. అయినా మనం కొరియాను అందుకోలేదు. కొరియా అంకె వెనక ఉన్నది ఇంటి దాకా వేసిన లైను. మన అంకె వెనక ఉన్నది, ఎక్కువ ఇళ్ళలో, ఎవరో ఒకరి చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోను. ఆ ఫోను గల మనిషి పొద్దున్నే పనికి వెళ్ళిపోయాక ఇంట్లో ఇంటర్నెట్ మిగులుతుందా? మీ ప్రాజెక్టు మొత్తానికీ ఈ ఒక్క ప్రశ్న పట్టుకోండి. ఏ దేశం అంకె చూసినా ముందు ఇదే అడగండి.

నేను వరంగల్, హన్మకొండ, పరకాల, ములుగు ప్రాంతాల్లో మొదట కేబుల్ టీవీ లైన్లు, తర్వాత ఇంటర్నెట్ లైన్లు వేయించిన మనిషిని. ఈ మధ్య ఇంటింటి సర్వేలకు వెళ్ళే పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. లైను ఎలా వస్తుందో, దాన్ని కాగితం మీద ఎలా లెక్కిస్తారో రెండూ చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అంకెల సంగతి మొదట. దేశాల మధ్య పోలికకు అందరూ వాడేది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిర్వచనం. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నట్టు లెక్క వేయాలంటే అది కంప్యూటర్ ద్వారానే రావాలని లేదు, మొబైల్ ద్వారా వచ్చినా చాలు. అయితే అదే నిర్వచనంలో ఇంకో మాట ఉంది: ఆ సౌకర్యం ఇంట్లోవాళ్ళందరికీ ఎప్పుడైనా వాడుకోవడానికి అందుబాటులో ఉండాలి. వాడారా లేదా అన్నది వేరే సంగతి, అందుబాటు మాత్రం అందరిదీ కావాలి. గడప దగ్గర నిలబడి అడిగేటప్పుడు ఈ రెండో భాగమే జారిపోతుంది. "మీ ఇంట్లో నెట్ ఉందా?" అంటే "మా ఆయన ఫోన్లో ఉంది" అని జవాబు వస్తుంది. సర్వే చేసేవాళ్ళు "ఉంది" అన్న గడిలో టిక్కు పెట్టి పక్కింటికి వెళ్తారు. ఆ ఆయన కాజీపేటలో లారీ ఎక్కితే నాలుగు రోజుల దాకా ఇంటికి రాడు.

ఇప్పుడు మన దేశపు అంకెలను వరసగా పెట్టి చూడండి. 2011 జనగణనలో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు 3.1 శాతం. పల్లెల్లో 0.7, పట్టణాల్లో 8.3. ఆ జనగణన అడిగింది ఇంటర్నెట్‌తో కూడిన కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్ ఉందా అని మాత్రమే, ఫోనుకు అందులో చోటు లేదు. 2017-18లో జాతీయ నమూనా సర్వే 75వ విడత విద్య మీద చేసిన సర్వేలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్ళు 23.8 శాతమని తేలింది, పల్లెల్లో 14.9, పట్టణాల్లో 42. అదే సర్వేలో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు 10.7 శాతమే. అంటే ఇంటర్నెట్ ఉందన్న ఇళ్ళలో సగానికి పైగా కంప్యూటర్ లేనివే. ఇక 2025 జనవరి-మార్చిలో టెలికాం మీద జరిగిన ప్రత్యేక సర్వేలో 86.3 శాతం, పల్లెల్లో 83.3, పట్టణాల్లో 91.6. అదే సర్వేలో స్మార్ట్‌ఫోను ఉన్న ఇళ్ళు 85.5 శాతం.

ఆ చివరి రెండు అంకెలను పక్కపక్కన పెట్టండి. 86.3, 85.5. దాదాపు ఒకటే. మన ఇంటర్నెట్ ఇళ్ళు ఎలా పెరిగాయో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

లైన్ల సంగతి విడిగా చూద్దాం. టెలికాం నియంత్రణ సంస్థ లెక్కల్లో వైరు ద్వారా బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్న కనెక్షన్లు దేశం మొత్తం మీద నాలుగు కోట్ల పైచిలుకు. 2011 జనగణన నాటికే దేశంలో దాదాపు 25 కోట్ల కుటుంబాలున్నాయి, ఇప్పుడు అంతకంటే ఎక్కువే. ఆ నాలుగు కోట్లలో దుకాణాలు, ఆఫీసులు, ఆసుపత్రులు కూడా ఉన్నాయి. అవన్నీ ఇళ్ళే అనుకున్నా ఆరింట ఒక ఇంటికి మించి లైను లేదు. ఈ రెండు మూడేళ్ళలో ఇంటి మీద చిన్న పెట్టె బిగించి 5జీ సిగ్నల్‌ను వైఫైగా మార్చే కనెక్షన్లు వేగంగా పెరుగుతున్నాయి. వాటిని లైనుతో సమానంగా లెక్కించడంలో నాకు అభ్యంతరం లేదు. ఆ పెట్టె ఎవరితోనూ పొలానికి వెళ్ళదు.

ఇక కొరియా. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొరియా కథను "ధనిక దేశం కాబట్టి వచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు.

1990ల్లో కొరియా అమెరికా అంత ధనిక దేశం కాదు. పైగా 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభంలో బాగా దెబ్బతింది. అమెరికాలో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు 1997లో 18 శాతం, 2001 నాటికి సగం. కొరియా 2000 నాటికే దాదాపు సగానికి చేరింది, 2005 నాటికి తొంభై శాతం దాటింది. 2001 తర్వాత అమెరికా యాభైల్లోనే మెల్లగా కదిలింది. 2003లో అక్కడి జనాభా లెక్కల విభాగం చూపిన అంకె 54.7 శాతం. డబ్బే కారణమైతే ఇది తలకిందులుగా ఉండాలి.

కొరియాలో జరిగింది ఇది. 1995లో ప్రభుత్వం దేశమంతటా వెన్నెముక లాంటి ఫైబరు మార్గం వేసే ప్రణాళిక మొదలుపెట్టింది. 1998లో థ్రూనెట్ అనే కంపెనీ కేబుల్ ద్వారా వేగవంతమైన ఇంటర్నెట్ అమ్మింది. 1999లో హనారో అనే కొత్త కంపెనీ ఫోను తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. పాత పెద్ద కంపెనీ కొరియా టెలికాం వాళ్ళను చూసి పరుగెత్తక తప్పలేదు. ముగ్గురూ ఒకే అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడి ధర తగ్గించుకున్నారు. అక్కడి నగరాల్లో జనం ఎక్కువగా పెద్ద పెద్ద అపార్టుమెంట్లలో ఉంటారు. నేలమాళిగ దాకా ఫైబరు తెస్తే అక్కడి నుంచి ఒక్కో ఇంటికి కొద్ది మీటర్ల తీగ చాలు. పైగా 1999 నుంచి ప్రభుత్వం భవనాలకు ఇంటర్నెట్ ఏర్పాటును బట్టి శ్రేణులు ఇచ్చి ధ్రువపత్రం మొదలుపెట్టింది. ఆ పత్రం ఉంటే ఇల్లు త్వరగా అమ్ముడయ్యేది కాబట్టి బిల్డర్లే ముందుండి లైన్లు వేయించారు.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. 2000లో ప్రభుత్వం కోటి మందికి ఇంటర్నెట్ నేర్పే కార్యక్రమం పెట్టి, అందులో గృహిణులకు ప్రత్యేకంగా తరగతులు నడిపింది. ఇంట్లో లైను ఉండాలా వద్దా అని నిర్ణయించేది ఇల్లు నడిపే మనిషి. ఆమెకు దాని ఉపయోగం తెలిస్తే నెలనెలా బిల్లు కట్టడానికి ఇల్లు ఒప్పుకుంటుంది. హన్మకొండలో గుమ్మం గుమ్మం తిరిగి కనెక్షన్లు ఇచ్చిన అనుభవంతో చెబుతున్నాను, మగవాళ్ళు క్రికెట్ కోసం తీసుకున్న లైను సీజను అయ్యాక ఆగిపోయేది. ఇంటావిడ వంటల వీడియోలకో, పిల్లల చదువుకో, కుట్టుపని నేర్చుకోవడానికో వాడే ఇంట్లో మాత్రం ఆగేది కాదు. బిల్లు ఒకరోజు ఆలస్యమైనా ఆవిడే ఫోను చేసేది.

మీ ప్రాజెక్టులో తప్పకుండా రాయాల్సిన తేదీ ఒకటి చెబుతాను: కొరియాలోకి ఐఫోను వచ్చింది 2009 నవంబరులో. అప్పటికే అక్కడ పది ఇళ్ళలో తొమ్మిదింటికి పైగా ఇంటర్నెట్ ఉంది. కొరియా ఇళ్ళకు ఇంటర్నెట్ స్మార్ట్‌ఫోను కంటే ముందే చేరింది. మన ఇళ్ళలో ఎక్కువ భాగానికి స్మార్ట్‌ఫోనే ఇంటర్నెట్‌ను మోసుకొచ్చింది.

మన కథ వేరేలా నడిచింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ పెద్ద నగరాల్లో. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది 1998లో. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 2010 నాటికి రెండు కోట్ల కనెక్షన్లు లక్ష్యంగా పెట్టుకుంది, ఆ ఏడాది చివరికి వచ్చినవి కోటీ పది లక్షల దాకా. అప్పట్లో సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అనేవాళ్ళు. ఇప్పుడు 2 మెగాబిట్లు ఉండాలి.

లక్ష్యంలో సగం దగ్గరే ఆగిపోవడానికి కారణం జనానికి ఆసక్తి లేకపోవడం అని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. అప్పటి లైను రాగి తీగ. టెలిఫోను ఎక్స్ఛేంజి నుంచి నాలుగైదు కిలోమీటర్లు దాటితే రాగి మీద బ్రాడ్‌బ్యాండ్ పనికిరాకుండా పోతుంది. నర్సంపేట పట్టణంలో వచ్చేది, ఆ చుట్టుపక్కల పల్లెకు వచ్చేది కాదు. వానాకాలం రాగానే అతుకుల్లోకి నీళ్ళు దిగేవి. తీగ దొంగతనాలు సరేసరి. కనెక్షన్ కావాలని దరఖాస్తు పట్టుకుని తిరిగినవాళ్ళను ఎందరినో చూశాను. అందులో బడిపంతుళ్ళు ఎక్కువ.

2016 సెప్టెంబరు 5న జియో రావడంతో ఆ కట్ట తెగింది. అంతకు ముందు ఒక జీబీ డేటాకు రెండు వందల రూపాయల పైన పోసేవాళ్ళం, రెండేళ్ళలో అది పది పన్నెండు రూపాయలకు దిగింది. ఇంత పెద్ద దేశంలో ఇంత తక్కువ కాలంలో డేటా ధర ఇలా కూలడం మామూలు విషయం కాదు. 24 నుంచి 86 శాతానికి పెరుగుదల నమ్మదగినదే అనడానికి నాకున్న మొదటి కారణం ఇదే. రెండో కారణం 2020 లాక్‌డౌన్. బడులు మూతపడ్డాక పిల్లల చదువు కోసం అప్పు చేసి ఫోను కొన్న కుటుంబాలు మన జిల్లాలో వీధి వీధికీ ఉన్నాయి.

ఆ సంవత్సరం మీ ప్రాజెక్టుకు బాగా పనికొస్తుంది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం బడిపిల్లలకు పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఇంటర్నెట్ ఒక్కదాన్నే నమ్ముకోలేదు, దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో టీవీ ద్వారా ప్రసారం చేసింది. అది సరైన నిర్ణయం. టీవీ ఇంట్లో ఉంటుంది, అందరూ చూడగలరు. అప్పుడు వరంగల్ కొత్తవాడలో ఒక ఇంటికి లైను ఇవ్వడానికి వెళ్ళాను. తండ్రి ఆటో నడుపుతాడు, ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను, అది ఆయన దగ్గరే ఉండాలి, లేకపోతే బేరాలు రావు. ఇద్దరు ఆడపిల్లలు రాత్రి ఆయన వచ్చాక ఒకరి తర్వాత ఒకరు కూర్చుని ఆ రోజు పంపిన పాఠం రాసుకునేవాళ్ళు. ఏ సర్వే వచ్చినా ఆ ఇల్లు ఇంటర్నెట్ ఉన్న ఇల్లే. ఇలాంటివి చూశాకే ఈ శాతాల మీద నాకు పట్టుదల పెరిగింది. పదో తరగతి పిల్ల మధ్యాహ్నం మూడు గంటలకు ఒక లెక్క అర్థంకాక వెతుక్కోవాలనుకుంటే ఆ ఇంట్లో దారి ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

ఆడవాళ్ళ లెక్క విడిగా చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మగవాళ్ళు 57.4 శాతం, ఆడవాళ్ళు 26.5 శాతం. ఒకే ఇళ్ళలో, ఒకే కప్పు కింద ఉండే మనుషుల మధ్య తేడా ఇది. ఇంటిని ఒక్క ముక్కగా లెక్కిస్తే ఇది కనబడదు. అందుకే ఇళ్ళ శాతం పక్కన మనుషుల శాతం, అందులో ఆడ-మగ విడివిడిగా పెట్టకుండా పట్టిక పూర్తిచేయవద్దు.

ఇతర దేశాల గురించి కూడా అడిగారు. అన్నీ రాయలేను, మన దగ్గరి అనుభవానికి తగిలేవి చెబుతాను.

రొమేనియా నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. 1990ల చివర, 2000ల మొదట్లో అక్కడి అపార్టుమెంట్ల కుర్రాళ్ళు తమ భవనాల మధ్య సొంతంగా తీగలు లాగి చిన్న చిన్న నెట్‌వర్కులు కట్టుకున్నారు. తర్వాత వాటిని పెద్ద కంపెనీలు కలుపుకున్నాయి. ఐరోపాలో పేద దేశాల్లో ఒకటైన రొమేనియా నగరాల్లో ఇంటర్నెట్ వేగం ధనిక దేశాలను మించిపోవడానికి ఆ పునాదే కారణం. పల్లెలు మాత్రం చాలాకాలం వెనకబడ్డాయి, ఎందుకంటే అలా తీగ లాగడానికి ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉండాలి. బ్రెజిల్‌లోనూ అంతే, పెద్ద కంపెనీలు పట్టించుకోని చిన్న పట్టణాల్లో వేలాది స్థానిక నిర్వాహకులు ఫైబరు వేశారు. వాళ్ళందరినీ కలిపితే ఈ రోజు అక్కడి ఇళ్ళ లైన్ల మార్కెట్‌లో పెద్ద వాటా వాళ్ళదే. అయితే బ్రెజిల్‌లో కూడా 2019 సర్వే ప్రకారం ఇంటర్నెట్ వాడేవాళ్ళలో 58 శాతం మంది ఫోను ఒక్కదాని మీదే ఆధారపడ్డారు. మనకు అసలైన పోలిక కొరియాతో కాదు, బ్రెజిల్‌తో.

వరంగల్‌లో కూడా ఇంటికి లైను తెచ్చింది ఎక్కువగా కేబుల్ ఆపరేటర్లే. డిష్ పెట్టి టీవీ చానళ్ళు ఇచ్చినవాళ్ళే తర్వాత అదే స్తంభాల మీద ఇంటర్నెట్ తీగ వేశారు. మొదట్లో వాడిన తీగలో కరెంటు సంకేతం నడిచేది. తొలకరి పిడుగులకు ఒక్క సాయంత్రంలో ఒక వాడ మొత్తం స్విచ్చులు, అంటే లైనును ఇళ్ళకు పంచే పెట్టెలు, కాలిపోయేవి. ఫైబరు వచ్చాక ఆ బాధ తీరింది. గాజు పోగులో వెలుగు నడుస్తుంది, పిడుగు దాని వెంట ఇంట్లోకి రాదు. ఒక ఫైబరును మధ్యలో కరెంటు అవసరం లేని చిన్న పరికరంతో 32 లేదా 64 ఇళ్ళకు విడదీయవచ్చు, ఇరవై కిలోమీటర్ల దాకా సంకేతం నిలుస్తుంది. రాగి నాలుగైదు కిలోమీటర్లకే చేతులెత్తేసిన చోట ఇది ఎంత పెద్ద మార్పో చూడండి. ఈ రోజు పల్లెకు లైను వెళ్ళకపోవడానికి సాంకేతిక కారణం లేదు. మిగిలిన ఇబ్బందులు కోతులు, రోడ్డు వెడల్పు పనులు, స్తంభాల అద్దె. కోతులు ఇళ్ళ మీద వేలాడే తీగను పట్టుకుని ఊగుతాయి, కొరుకుతాయి. హన్మకొండ చుట్టుపక్కల లైనుమ్యాన్ రోజులో సగం వాటితోనే గడిచిపోతుంది.

కెన్యా గురించి ఒక్క మాట. 2009లో మొంబాసా తీరానికి సముద్రగర్భ కేబుళ్ళు చేరేదాకా తూర్పు ఆఫ్రికా ఉపగ్రహాల మీద ఆధారపడింది, ధరలు మామూలు ఇళ్ళకు అందేవి కావు. ఇంటి దాకా తీగ ఉన్నా, దేశానికి వచ్చే పెద్ద తీగ లేకపోతే లాభం లేదని అది చెబుతుంది. ఫిన్లాండ్ ఇంకో రకం: 2010 జూలై 1న సెకనుకు ఒక మెగాబిట్ కనెక్షన్ పొందడం అక్కడ ప్రతి నివాసికీ చట్టబద్ధమైన హక్కు అయింది. అడవుల్లో విసిరేసినట్టు ఇళ్ళున్న దేశం కాబట్టి మార్కెట్‌కు వదిలేస్తే ఆ ఇళ్ళకు లైను రాదని వాళ్ళకు తెలుసు. ఏటూరునాగారం, తాడ్వాయి, ఉట్నూరు వైపు గూడేలు చూసినవాళ్ళు ఆ చట్టం విలువ వెంటనే గుర్తిస్తారు.

చివరి ఇళ్ళు ఎంత కష్టమో బ్రిటన్ అంకెలు చెబుతాయి. అక్కడ ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు 2006లో 57 శాతం, 2010లో 73, 2018లో 90, 2020లో 96. మొదటి నాలుగేళ్ళలో పదహారు శాతం పెరిగింది, తర్వాతి పదిహేడు శాతానికి ఎనిమిదేళ్ళు పట్టింది. చివరికి మిగిలేవి వృద్ధులు, పేదలు, దూరపు ఊళ్ళు. అమెరికాలో ఇంటర్నెట్ బిల్లుకు నెలకు 30 డాలర్ల సాయం ఇచ్చే పథకంలో 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు చేరాయి. డబ్బు అయిపోయి 2024 జూన్ 1తో అది ముగిసింది. లైను వేయడంతో పని అయిపోదు, నెల నెలా బిల్లు కట్టగలగాలి.

ఆ బిల్లు మన దగ్గర ఎలా పనిచేస్తుందో చెబుతాను. ఫైబరు లైనుకు పన్నుతో కలిపి నెలకు ఐదు వందల చుట్టూ అవుతుంది. ఇంట్లో ముగ్గురు నలుగురు విడివిడిగా చేసుకునే రీచార్జిల మొత్తం అంతకంటే ఎక్కువే. మరి లైను ఎందుకు తీసుకోరు? మాట్లాడటానికి ఎలాగూ రీచార్జి చేయాలి, దాంతోపాటు డేటా వచ్చేస్తుంది. పైగా రీచార్జి ఎవరిది వాళ్ళు, చేతిలో డబ్బున్న రోజు చేసుకుంటారు. లైను బిల్లు మొత్తం ఒకరి నెత్తి మీద, ఒకే తేదీన పడుతుంది. కూలి డబ్బు మీద నడిచే ఇంట్లో ఇది తెలివైన నిర్ణయమే, వాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో మాత్రం లెక్క మారుతుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో, భర్తతో మాట్లాడటానికి అక్కడి ఇళ్ళు మాకంటే ముందే వైఫై పెట్టించుకున్నాయి. దుబాయిలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి బోటిమ్ వంటి కాల్ యాప్‌లు ఆ ఊళ్ళ పెద్దమ్మలకు కూడా తెలుసు. ఇక్కడే మీకు పనికొచ్చే ఒక జాగ్రత్త ఉంది. దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో దాదాపు అన్ని ఇళ్ళలో ఇంటర్నెట్ ఉన్నట్టు అంకెలు కనిపిస్తాయి. అయితే ఇళ్ళ సర్వేలు మామూలుగా కుటుంబాలనే అడుగుతాయి, సామూహిక నివాసాలను పక్కన పెడతాయి. మన కార్మికులు ఉండే క్యాంపులు అలాంటివే. మన జాతీయ నమూనా సర్వే పద్ధతి ఇంకో రకం, హాస్టల్లో ఉండే ఒక్కో మనిషినీ ఒక్కో కుటుంబంగా లెక్కిస్తుంది. హన్మకొండలో ఎన్ని హాస్టళ్ళున్నాయో మీకు తెలుసు. ఆ పిల్లలందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఒక్కొక్కరూ ఒక్కో ఇంటర్నెట్ ఉన్న ఇల్లు.

మనం ఎప్పుడు చేరతామని కూడా అడిగారు. సంవత్సరం చెప్పను, ఏం జరగాలో చెబుతాను. ఫైబరు పంచాయతీల దాకా వేసే పని 2011లో కేంద్రం ఆమోదించింది, 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం తవ్విన కాలవల్లోనే ఫైబరు గొట్టాలు పెట్టే ఆలోచన చేశారు. తవ్వకమే అన్నిటికంటే పెద్ద ఖర్చు కాబట్టి అది చాలా మంచి ఆలోచన. అయితే పంచాయతీ భవనం నుంచి ఇళ్ళ దాకా ఉన్న చివరి అర కిలోమీటరే అసలు పని. తెగితే ఎవరు అతకాలి, కరెంటు పోతే పెట్టెకు బ్యాటరీ ఎవరు పెట్టాలి, నెలకు ఎవరు వచ్చి బిల్లు అడగాలి. ములుగు వైపు ఒక పల్లెలో ఆఫీసు గోడ మీద పెట్టె ఉంది, లైను బతికే ఉంది, అందులోంచి ఒక్క ఇంటికీ తీగ పోలేదు. ఆ ఊళ్ళోనే ఐటీఐ చదివిన ఇద్దరు కుర్రాళ్ళున్నారు. అతుకులు వేసే మిషను ఇచ్చి, వాటా మీద ఆ పని వాళ్ళకే అప్పగిస్తే నెలలోపు ఇళ్ళకు లైన్లు వెళ్తాయని నా నమ్మకం. రొమేనియా, బ్రెజిల్‌లో చేసింది ఇలాంటివాళ్ళే.

ఇక మీ పట్టిక. 2011, 2017-18, 2025 అంకెలను ఒకే గీతగా కలపవద్దు, మూడూ మూడు వేర్వేరు సర్వేలు. 2021లో జరగాల్సిన జనగణన కోసం తయారైన ప్రశ్నల జాబితాలోనే ఇంటర్నెట్‌ను కంప్యూటర్ నుంచి విడదీసి వేరే అంశంగా పెట్టారు, అంటే ఈ తేడా ప్రభుత్వానికీ తెలుసు. ప్రతి అంకె పక్కన ఏం అడిగారో ఒక గడిలో రాయండి. దేశాలను పోల్చేటప్పుడు ఇళ్ళ శాతం ఒక వరస, వైరు కనెక్షన్లు ఒక వరస, వాడే మనుషులు ఒక వరసగా పెట్టండి. ప్రపంచంలో 550 కోట్ల మంది, అంటే 68 శాతం, ఇంటర్నెట్ వాడుతున్నారని 2024లో వేసిన అంచనా మనుషుల లెక్క. 2019లో ప్రపంచంలో 57 శాతం ఇళ్ళకు, పట్టణాల్లో 72, పల్లెల్లో 37 శాతం ఇళ్ళకు, ఇంటర్నెట్ ఉందన్నది ఇళ్ళ లెక్క. ఈ రెండూ కలిసిపోయిన వ్యాసాలు పత్రికల్లో చాలా కనిపిస్తాయి.

వీలైతే మీ వాడలో కొన్ని ఇళ్ళను మీరే అడగండి. ఇంటర్నెట్ ఉందా అని కాకుండా నాలుగు ప్రశ్నలు: ఇంట్లో ఎవరెవరి దగ్గర స్మార్ట్‌ఫోను ఉంది, పగలు ఆ ఫోను ఎక్కడ ఉంటుంది, ఫోను యజమాని లేనప్పుడు ఇంట్లో మిగిలినవాళ్ళు నెట్ ఎలా వాడతారు, గత నెలలో డేటా అయిపోయిన రోజులున్నాయా. జవాబు ఇంటి పెద్దను కాకుండా, ఆ సమయంలో ఇంట్లో ఉన్న ఆడవాళ్ళను, పిల్లలను అడిగి రాసుకోండి. ప్రశ్నావళి రాశాక ఇక్కడ పెట్టండి, అడగడానికి వెళ్ళేముందు చూసి చెబుతాను.